77 అంకెల సంఖ్య, 4 కోట్ల అంకెల సంఖ్య

2024 అక్టోబరు 12న ఒక కొత్త ప్రధాన సంఖ్య దొరికింది: 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1. దానిలో 4,10,24,320 అంకెలు ఉన్నాయి. అమెరికాకు చెందిన ల్యూక్ డ్యూరాంట్ అద్దెకు తీసుకున్న గ్రాఫిక్స్ ప్రాసెసర్లతో దాన్ని పట్టుకున్నాడు. ఇప్పటికి తెలిసిన ప్రధాన సంఖ్యల్లో అదే అతి పెద్దది. ఇలాంటి రికార్డు పడిన ప్రతిసారీ వార్త చివర ఒక మాట వచ్చి చేరుతుంది. మన బ్యాంకు లావాదేవీలను, పాస్‌వర్డులను కాపాడేవి ఇలాంటి పెద్ద ప్రధాన సంఖ్యలేనని, కాబట్టి సంఖ్య ఎంత పెద్దదైతే రక్షణ అంత గట్టిదని. ఈ మాట తప్పు. చిన్న తప్పు కూడా కాదు. ప్రధాన సంఖ్యలో చూడాల్సింది ఏమిటో తెలియకుండా చేసే తప్పు.

ఆ రికార్డు సంఖ్యను కంప్యూటర్‌లో దాచాలంటే దాదాపు 1.7 కోట్ల బైట్లు కావాలి. అలాంటి రెండు సంఖ్యలను గుణించడమే ఒక పెద్ద పని. రహస్యంగా ఉంచుదామా అంటే, ఆ రూపంలో ఉన్న ప్రధాన సంఖ్యలు ప్రపంచానికి తెలిసినవి మొత్తం 52. దొంగ 52 తాళంచెవులు వరసగా తిప్పి చూడలేడా? కాబట్టి ఆ సంఖ్యతో ఎవరూ ఏ సందేశానికీ తాళం వేయరు.

నిజంగా పనిచేస్తున్న సంఖ్య ఇది:

57896044618658097711785492504343953926634992332820282019728792003956564819949

77 అంకెలు. ఒక వరసలో పట్టేస్తుంది. పొట్టిగా రాస్తే 2²⁵⁵ − 19. డేనియల్ బెర్న్‌స్టీన్ 2005లో రూపొందించిన కర్వ్25519 అనే ఎలిప్టిక్ కర్వ్‌కు (ఒక సమీకరణానికి సరిపోయే బిందువుల సమితి, ఆ బిందువులతో చేసే లెక్కలే తాళం) పునాది ఇదే, ఆ పేరులోని 25519 కూడా ఇక్కడి నుంచి వచ్చిందే. వాట్సాప్, సిగ్నల్ యాప్‌లలో రెండు ఫోన్లు కీలు మార్చుకునేటప్పుడు ఈ కర్వ్ మీద జరిగే లెక్కలు ఈ సంఖ్యతో భాగించి శేషం తీసే లెక్కలే. బ్రౌజర్ వెబ్‌సైటుతో సురక్షితంగా మాట్లాడేటప్పుడు, దూరంగా ఉన్న సర్వర్‌లోకి ఎస్ఎస్‌హెచ్ అనే సురక్షిత పద్ధతిలో లాగిన్ అయ్యేటప్పుడు కూడా చాలాసార్లు ఇదే. ఇది రహస్యం కాదు, ప్రామాణిక పత్రాల్లో అచ్చయి ఉంది. రహస్యం వేరే చోట, ప్రతి ఫోనూ తనలోనే దాచుకునే సంఖ్యలో, ఉంటుంది.

నా వాదన ఇది: ప్రధాన సంఖ్యను ఎన్ని అంకెలని అడగడం కన్నా మూడు ప్రశ్నలు అడగడం మేలు. అది 2 ఘాతానికి ఎంత దగ్గరగా ఉంది? 8తో భాగిస్తే శేషం ఎంత? అందులోంచి 1 తీసేస్తే వచ్చే సంఖ్యకు కారణాంకాలేమిటి? మొదటి జవాబు మీద వేగం, రెండో దాని మీద వర్గమూలం తీసే పద్ధతి, మూడో దాని మీద అది ప్రధాన సంఖ్యేనన్న రుజువు ఆధారపడతాయి.

ముందు 19 ఎందుకన్నది చూద్దాం. 2²⁵⁵ కంటే కాస్త తక్కువలో ఒక ప్రధాన సంఖ్య కావాలి. 1 నుంచి మొదలుపెట్టి బేసి సంఖ్యలు ఒక్కొక్కటే తీసేసి చూడాలి. ఇది కాగితం మీద చేయగలిగిన పనే. 2 ఘాతాలను 3తో భాగిస్తే శేషాలు 2, 1, 2, 1 అని తిరుగుతాయి. 255 బేసి కాబట్టి 2²⁵⁵కి శేషం 2. అంటే 5, 11, 17 తీసేస్తే 3తో భాగం పోతుంది. 5తో భాగిస్తే శేషాలు నాలుగేసి చొప్పున తిరుగుతాయి, 2²⁵⁵కి వచ్చేది 3. కాబట్టి 3, 13 పోయాయి. 7తో భాగిస్తే శేషం 1, దాంతో 1, 15 పోయాయి. 17తో భాగిస్తే శేషం 9, కాబట్టి 9 పోయింది. ఇక మిగిలింది 7 ఒక్కటే, అది మొండి ఘటం. 2²⁵⁵ − 7ని 100 లోపు ఉన్న ఏ ప్రధాన సంఖ్యా భాగించదు. దానికి ఫెర్మా పరీక్ష లాంటిది (కారణాంకాలు వెతక్కుండానే ఘాతాల శేషం చూసి తేల్చేది) పెడితేనే అది సంయుక్త సంఖ్య అని బయటపడుతుంది. ఆ తర్వాతి బేసి సంఖ్య 19. మొదటి ప్రధాన సంఖ్య అక్కడ తగులుతుంది.

బెర్న్‌స్టీన్ తన పత్రంలో పరిశీలించిన ఇతర అభ్యర్థులను కూడా ఇచ్చాడు: 2²⁵⁵ + 95, 2²⁵⁵ − 31, 2²⁵⁴ + 79, 2²⁵³ + 51, 2²⁵³ + 39. వాటిలో 19నే ఎంచుకోవడానికి ఆయన చెప్పిన కారణం, మిగతా వాటికన్నా 19 చిన్నది కావడం. ఇలా కారణం బయటకు చెప్పగలగడం నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. ప్రామాణిక సంఖ్యను ఎవరో ఎంచి ఇస్తున్నప్పుడు, అందులో దొడ్డిదారి ఏదైనా పెట్టారా అన్న అనుమానం సహజం. 'నేను వెతికిన వాటిలో ఇది అతి చిన్న తేడా' అన్నప్పుడు ఆ మాటను ఎవరైనా సరిచూసుకోవచ్చు, అనుమానానికి చోటుండదు.

ఆ చిన్న తేడా వల్ల వచ్చే లాభం చూడటానికి 77 అంకెలు అక్కర్లేదు. 29 చాలు. 29 అంటే 2⁵ − 3, మన సంఖ్యకు తమ్ముడి లాంటిది. 29తో శేషం తీయాలంటే భాగహారం చేయనవసరం లేదు, ఎందుకంటే ఈ లెక్కల్లో 32కి, 3కి తేడా లేదు. 23 × 27 = 621 తీసుకోండి. 621లో 32లు 19, మిగిలింది 13. ఆ 19 స్థానంలో 19 × 3 = 57 వేస్తే 57 + 13 = 70. 70లో 32లు 2, మిగిలింది 6. 2 × 3 + 6 = 12. 621ని 29తో భాగిస్తే వచ్చే శేషం 12 అన్నమాట. ఒక సంఖ్యను 9తో భాగిస్తే వచ్చే శేషం కోసం బడిలో అంకెలు కూడే పద్ధతి నేర్పేవారు గుర్తుందా? సూత్రం అదే. కంప్యూటర్‌కు భాగహారం ఖరీదైన పని, బిట్లు జరపడం, కూడటం చవక. 2²⁵⁵ − 19లో 2²⁵⁵ని దాటి పోయిన భాగాన్ని 19తో గుణించి కింద కలిపేస్తే సరిపోతుంది.

64 బిట్ల ప్రాసెసర్ మీద దీన్ని ఇలా అమరుస్తారు. 255 బిట్లను 51 బిట్ల చొప్పున 5 ముక్కలు చేస్తారు. 51 × 5 సరిగ్గా 255. రెండు సంఖ్యలను గుణించేటప్పుడు ముక్కకు ముక్క గుణిస్తే 25 చిన్న గుణకారాలు. 255వ బిట్ దాటే వాటిని 19తో గుణించి కింది ముక్కల్లో కలపాలి. ఒక లబ్ధం 102 బిట్లు, 19 వల్ల ఇంకో 5 బిట్లు, అలాంటివి 5 కూడితే ఇంకో 3. మొత్తం 110 బిట్లలోపే. 128 బిట్ల రిజిస్టర్ జతలో హాయిగా పడుతుంది. ముక్కలు 54 బిట్ల దాకా ఉబ్బినా ఏమీ కాదు, కాబట్టి ప్రతి కూడిక తర్వాతా క్యారీని, అంటే పై ముక్కకు పోయే మిగులును, సర్దనవసరం లేదు. 19 స్థానంలో 31 ఉన్నా ఈ పని జరిగేదే, అది ఒప్పుకోవాలి. కానీ బిట్‌కాయిన్ వాడే సంఖ్య 2²⁵⁶ − 2³² − 977 లాంటిదైతే తీసేసేదే 33 బిట్ల సంఖ్య, అక్కడ ఇంత సులువుగా సాగదు.

తప్పులు దొర్లేది ఇక్కడే. పై ముక్క నుంచి బయటికొచ్చిన క్యారీని 19తో గుణించి అడుగు ముక్కలో కలిపాక, ఆ అడుగు ముక్క మళ్ళీ పొంగవచ్చు. ఒక్కసారి సర్ది వదిలేసిన కోడ్ దాదాపు ఎప్పుడూ సరైన జవాబే ఇస్తుంది. తప్పు ఎప్పుడో, కోట్ల కోట్లలో ఒక్కసారి వస్తుంది. యాదృచ్ఛిక సంఖ్యలతో ఎన్ని లక్షల పరీక్షలు చేసినా దొరకదు. అందుకే ముక్కలన్నీ నిండుగా ఉన్న సంఖ్యలు, ఆ ప్రధాన సంఖ్యకు అటూ ఇటూ ఒకటి రెండు తేడాలో ఉన్న సంఖ్యలు, ఇలాంటివి కావాలని ఏరి పరీక్షించాలి. వీలైతే కోడ్‌కు గణిత రుజువే రాయాలి.

రెండో తప్పు ఇంకా చిత్రమైనది. 29 విషయంలో 5 బిట్లలో 0 నుంచి 31 దాకా రాయొచ్చు. కానీ 29, 30, 31 అంటే శేషాల లోకంలో 0, 1, 2 అనే అర్థం. ఆ మూడింటికి రెండేసి రాతలు. 2²⁵⁵ − 19లో ఇలా రెండు రాతలున్న సంఖ్యలు సరిగ్గా 19, అంటే 0 నుంచి 18 దాకా. చివరి సర్దుబాటు మరిచిపోయి రెండు సంఖ్యలను బైటు బైటుగా పోల్చితే, సమానమైనవే అసమానమని వస్తాయి. ఒక సాఫ్ట్‌వేర్ అంగీకరించిన డిజిటల్ సంతకాన్ని ఇంకో సాఫ్ట్‌వేర్ తిరస్కరించిందనుకోండి. అందరూ ఒకే మాట మీద ఉండాల్సిన బ్లాక్‌చెయిన్ లాంటి చోట అది మామూలు విషయం కాదు.

ఆ చివరి సర్దుబాటుకు చక్కని ఉపాయం ఉంది. మన చేతిలోని సంఖ్య 2²⁵⁵ − 19కి సమానమో ఎక్కువో అయితే, దానికి 19 కలిపితే 255వ బిట్ దాటుతుంది. కాబట్టి ముందు 19 కలిపినట్టు లెక్కించి, పైకి వచ్చిన క్యారీ 0 అవుతుందో 1 అవుతుందో చూడాలి. ఆ క్యారీని 19తో గుణించి అసలు సంఖ్యకు కలిపి, 255 బిట్లకు మించినది కోసేయాలి. ఇందులో 'ఒకవేళ' అన్న షరతు ఎక్కడా లేదు, అన్ని సంఖ్యలకూ ఒకటే సమయం పడుతుంది. షరతు పెట్టి రాస్తే పని కాలం సంఖ్యను బట్టి మారుతుంది. ఆ కాలాన్ని కొలిచేవాడికి రహస్యం కొంచెం కొంచెంగా కారిపోతుంది.

శేషగణితంలో భాగించడమంటే విలోమంతో గుణించడం. విలోమం కావాలంటే సంఖ్యను ప్రధాన సంఖ్య కన్నా 2 తక్కువ ఉన్న ఘాతానికి ఎత్తాలి. ఇక్కడ ఆ ఘాతం 2²⁵⁵ − 21. బైనరీలో రాస్తే వరసగా 250 ఒకట్లు, ఆ వెంట 01011. ఒకే అంకె ఇంత పొడవునా ఉండటంతో 254 వర్గాలు, 11 గుణకారాలతో పని ముగుస్తుంది. ఏ పోలికా లేని ఘాతమైతే మామూలు పద్ధతిలో వర్గాలు అన్నే ఉన్నా గుణకారాలు నూరు దాటేవి.

ఇక రెండో ప్రశ్న, 8తో శేషం. 2²⁵⁵ని 8 నిశ్శేషంగా భాగిస్తుంది, 19 తీసేస్తే శేషం 5. 29కీ శేషం 5. ఇలాంటి ప్రధాన సంఖ్యలతో శేషం తీసే లెక్కల్లో −1కి వర్గమూలం ఉంటుంది, 2కి ఉండదు. ఈ రెండూ కలిసి వర్గమూలం తీయడానికి ఒక సూత్రాన్ని ఇస్తాయి. 29లో 5కి వర్గమూలం కావాలనుకుందాం. 29కి 3 కలిపి 8తో భాగిస్తే 4. 5⁴ = 625, శేషం 16. 16² = 256, శేషం 24. అది 5 కాదు, −5. ఇలా గుర్తు తిరగబడితే −1 వర్గమూలంతో గుణించాలి. అది 2⁷ = 128, శేషం 12. 16 × 12 = 192, శేషం 18. సరిచూద్దాం: 18² = 324, శేషం 5. వచ్చేసింది. పెద్ద సంఖ్యలోనూ ఇంతే, 4 స్థానంలో ఘాతం 2²⁵² − 2 అవుతుంది. ఇదే సంఖ్య మీద నడిచే ఎడ్25519 డిజిటల్ సంతకాల్లో కర్వ్ మీది బిందువును 64 బైట్లకు బదులు 32 బైట్లలో పంపగలగడానికి ఈ వర్గమూలమే ఆధారం. ఒక నిర్దేశాంకం 255 బిట్లు తీసుకుంటుంది, మిగిలిన 256వ బిట్ రెండు వర్గమూలాల్లో ఏది కావాలో చెబుతుంది. 2²⁵⁶ దగ్గరి సంఖ్య తీసుకుని ఉంటే ఆ ఖాళీ బిట్ ఉండేది కాదు. గుర్తు తిరగబడిన సందర్భాన్ని పట్టించుకోని కోడ్ సగం సంఖ్యలకే జవాబు ఇస్తుంది. మొదటి రెండు మూడు పరీక్షలు గట్టెక్కితే ఆ లోపం కొంతకాలం దాక్కునే ఉంటుంది.

మూడో ప్రశ్న నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. 2²⁵⁵ − 19 ప్రధాన సంఖ్యేనని ఎలా నమ్మాలి? యాదృచ్ఛిక పరీక్షలు 'దాదాపు ఖాయం' అని చెబుతాయి, రుజువు వేరు. 1 తీసేసి కారణాంకాలు రాస్తే:

2² × 3 × 65147 × 74058212732561358302231226437062788676166966415465897661863160754340907

చివరిది 71 అంకెల ప్రధాన సంఖ్య. పోక్లింగ్టన్ సిద్ధాంతం ఇలా చెబుతుంది: 1 తీసేసిన సంఖ్యకు వర్గమూలాన్ని మించిన ప్రధాన కారణాంకం ఒకటి ఉంటే రెండే రెండు తనిఖీలు చాలు. ఇక్కడ వర్గమూలం 39 అంకెలే, మన కారణాంకం 71 అంకెలు. మొదటి తనిఖీ, 2ని ఆ పూర్తి ఘాతానికి ఎత్తితే శేషం 1 రావాలి. రెండోది, మిగతా కారణాంకాల లబ్ధం 2² × 3 × 65147 = 781764 కదా, 2⁷⁸¹⁷⁶⁴ − 1కీ మన సంఖ్యకూ ఉమ్మడి కారణాంకం ఉండకూడదు. ఇవి రెండూ నిలిస్తే రుజువు పూర్తయినట్టే. 71 అంకెల సంఖ్య ప్రధానమేనా అని అడిగితే దానికీ ఇదే పద్ధతి, దాని కింది దానికీ అదే, చిన్న సంఖ్యలు తగిలే దాకా. ఇంట్లో లాప్‌టాప్ మీద కన్నుమూసి తెరిచేలోపు జరిగిపోతుంది.

ఆ 4 కోట్ల అంకెల సంఖ్య కూడా రికార్డు కెక్కింది తన ఆకారం వల్లనే. 2 ఘాతంలోంచి 1 తీసేసిన వాటిని మెర్సెన్ సంఖ్యలంటారు. వాటికి 1 కలిపితే కారణాంకాలు వెతకనక్కర్లేదు, అన్నీ 2లే. ఆ సౌకర్యంతో పుట్టిందే లూకాస్–లెమర్ పరీక్ష. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేస్తూ, ప్రతిసారీ పరీక్షించే సంఖ్యతో శేషం తీస్తూ పోవడమే. 2⁷ − 1 = 127కి వరస ఇలా వస్తుంది: 4, 14, 67, 42, 111, 0. ఘాతం కన్నా 2 తక్కువ అడుగుల్లో, అంటే ఇక్కడ 5 అడుగుల్లో, 0 వచ్చింది, కాబట్టి 127 ప్రధాన సంఖ్య. అదే సైజులో ఏ ఆకారమూ లేని సంఖ్యకు ఇంత చవకైన రుజువు దొరకదు.

మరి కర్వ్‌కు కూడా మెర్సెన్ సంఖ్యనే వాడొచ్చు కదా? 2¹²⁷ − 1 చిన్నదైపోతుంది. దాని తర్వాతి మెర్సెన్ ప్రధాన సంఖ్య 2⁵²¹ − 1, అది అవసరానికి మించినది. మధ్యలో ఒక్కటీ లేదు. అందుకే కొసరు తగిలించిన 2²⁵⁵ − 19.

అయితే ఆకారం ఎప్పుడూ మంచిదేనని అనుకుంటే అదీ పొరపాటే. రెండు ప్రధాన సంఖ్యల లబ్ధాన్ని మాత్రమే బయటపెట్టే ఆర్ఎస్ఏ పద్ధతిలో ఆ ప్రధాన సంఖ్యలే రహస్యం, అక్కడ ఏ ఆకారమూ ఉండకూడదు. రెండు సంఖ్యలు దగ్గర దగ్గరగా ఉన్నా చాలు, గుట్టు బయటపడుతుంది. 11413 కారణాంకాలు చెప్పమంటే, దాని వర్గమూలానికి పైనున్న పూర్ణసంఖ్య 107. 107² − 11413 = 36, అది 6². కాబట్టి (107 − 6) × (107 + 6), అంటే 101 × 113. ఒక్క అడుగులో అయిపోయింది. 2017లో రోకా అనే లోపం బయటపడింది. కొన్ని భద్రతా చిప్‌లు వేగం కోసం ఒక ప్రత్యేక ఆకారంలో ఉన్న ప్రధాన సంఖ్యలనే తయారు చేసేవి. ఆ ఆకారమే తాళం పగలగొట్టే దారి అయింది, ఎస్టోనియా లక్షల గుర్తింపు కార్డుల సర్టిఫికెట్లను మార్చాల్సి వచ్చింది. ఇద్దరు కలిసి రహస్య కీ తయారుచేసుకునే డిఫీ–హెల్‌మన్ పద్ధతిలో, కర్వ్ లేకుండా నేరుగా ప్రధాన సంఖ్య మీద నడిచే రకానికీ అంతే. 2 ఘాతాలకు దగ్గరగా ఉన్న ప్రధాన సంఖ్యల మీద సంఖ్యా క్షేత్ర జల్లెడ అనే దాడి బాగా వేగంగా సాగుతుంది. ఎలిప్టిక్ కర్వ్ మీద ఆ దాడికి దారి లేదు, అందుకే ఒకచోట ప్రమాదమైన ఆకారం ఇంకోచోట వరమైంది. ఏ పనికి ఏ సంఖ్య అన్నది తేల్చకుండా 'పెద్ద ప్రధాన సంఖ్య' అని ఒక్క మాటలో చుట్టేస్తే ఈ తేడాలన్నీ మాయమవుతాయి.

రికార్డుల వేటను తక్కువ చేయను. 1994లో పెంటియమ్ చిప్ భాగహారంలో లోపాన్ని థామస్ నైస్లీ పట్టుకున్నది జంట ప్రధాన సంఖ్యల విలోమాలు కూడుతున్నప్పుడు. 2016లో ఇంటెల్ స్కైలేక్ ప్రాసెసర్లు స్తంభించిపోయే లోపం బయటపడింది మెర్సెన్ సంఖ్యలు వెతికే ప్రోగ్రామ్ నడిపినప్పుడు. వేట వల్ల కలిగే మేలు అది. ఆ సంఖ్యతో తాళాలు వేస్తారన్న మాట మాత్రం అబద్ధం.

అసలు తాళాలు ఇప్పుడు ఎటు పోతున్నాయో చూస్తే అంకెల మోజు ఇంకా వింతగా కనిపిస్తుంది. తగినంత పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే దాని మీద నడిచే షోర్ పద్ధతి (కారణాంకాలను వేగంగా కనిపెట్టేది) ముందు ఆర్ఎస్ఏ, ఎలిప్టిక్ కర్వ్ రెండూ నిలబడవు. ముందుజాగ్రత్తగా 2024 ఆగస్టులో అమెరికా ప్రమాణాల సంస్థ ఎంఎల్–కెమ్ అనే కొత్త పద్ధతిని ఖరారు చేసింది. బ్రౌజర్లు దాన్ని 2²⁵⁵ − 19 పక్కనే నిలబెట్టి రెండింటినీ కలిపి వాడుతున్నాయి. ఆ కొత్త పద్ధతిలోని ప్రధాన సంఖ్య 3329. నాలుగే అంకెలు. దాని బలం ప్రధాన సంఖ్య సైజులో లేదు, లాటిస్ అనే బిందువుల అల్లికలో ఉంది. 3329 చిన్నది కావడమే సౌకర్యం: ఒక్కో గుణకం 12 బిట్లలో ఇముడుతుంది, మధ్యస్థాయి భద్రత ఇచ్చే రకంలో బహిరంగ కీ 1,184 బైట్లతో సరిపోతుంది. మరి ఇదే ఎందుకు? ఇక్కడా మూడో ప్రశ్నే: 1 తీసేస్తే 3328 = 13 × 256. ఆ 256 ఉండటం వల్ల 256 గుణకాల బహుపదులను వేగంగా గుణించే పద్ధతి పనిచేస్తుంది. దానికి 256 ఘాతంలో 1 అయ్యే, అంతకుముందు కాని సంఖ్య ఒకటి కావాలి. ప్రమాణంలో ఇచ్చినది 17. క్యాలిక్యులేటర్ తీసుకుని 17ని వర్గం చేస్తూ, ప్రతిసారీ 3329తో శేషం తీస్తూ పోండి: 289, 296, 1062, 2642, 2580. ఆరోసారి వచ్చేది 1729, రామానుజన్ ట్యాక్సీ సంఖ్య. దాన్ని ఇంకొక్కసారి వర్గం చేస్తే 3328, అంటే −1.